ఇస్త్రీబల్ల కింద ఏడు కోడిపిల్లలు

మా మామయ్య గురించి చెప్పాలంటే ముందు ఆయన ఎడమచెయ్యి గురించి చెప్పాలి. కుడిచేత్తో ఇస్త్రీపెట్టె తోస్తారు, అది ఎవరైనా చేసే పనే. ఎడమచెయ్యి మాత్రం ఆయన ఆస్తి. బొగ్గులు బాగా రాజుకున్నాక పెట్టెని పైకెత్తి, దాని అడుగుని ఎడమచేతి వెనకవైపుకి అంగుళం దూరంలో ఆపి, కళ్ళు సగం మూసుకుని, ఇది నూలుకి సరిపోతుందనో, పట్టుకైతే కాసేపు ఆగాలనో జడ్జిగారిలా తీర్పు చెబుతారు. అందరిలా నాలుగు నీటిచుక్కలు చిలకరించి చుయ్యిమంటుందా లేదా అని చూడటం ఆయనకి నామోషీ. కరెంటు పెట్టె కొనిపెడతానని మా ఆయన రెండుసార్లు అడిగి, రెండుసార్లూ తిట్లు తిని ఊరుకున్నాడు. బొత్తాం తిప్పి వేడి చూసుకునేవాడు ఇస్త్రీవాడెలా అవుతాడని మామయ్య వాదన.

ఆయన నాన్న పెట్టెని చెంప దగ్గరికి తెచ్చుకుని చూసేవాడట. మామయ్యకి మొదట నేర్పిందీ అదే. చిన్నప్పుడోసారి పెట్టె కాస్త ఎక్కువ దగ్గరికొచ్చి ఎడమచెవి ముందు చురుక్కుమంది. చింతగింజంత మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య ఆ మచ్చ చూసి, "బట్టలకే అనుకున్నాను, మీకు మీరు కూడా ఇస్త్రీ చేసుకుంటారా?" అని నవ్విందట. ఆ మర్నాటి నుంచే చెంప మానేసి చెయ్యి మొదలుపెట్టారు. ఇది అత్తయ్య చెప్పిన కథ. మామయ్యని అడిగితే దగ్గొస్తుంది.

నేను ఆ ఇంటి కోడలిని. పన్నెండేళ్ళయింది. మామయ్య ఇస్త్రీ చేసిన బట్టలు మడతలు చెడకుండా మూటగట్టి ఇళ్ళకి చేర్చడం నా పని. మా ఆయన బస్సు నడుపుతాడు, తెల్లారకముందే వెళ్ళి పొద్దువాలాక వస్తాడు. నాకు ముక్కుమీద కోపమని వీధంతా అంటారు. పన్నెండు వేసవులు బొగ్గుల పక్కన నిలబడితే ఎవరికైనా వస్తుంది.

ఇల్లు చిన్నది. వీధివైపు ముందుగది, అందులోనే ఇస్త్రీబల్ల. దాని వెనక నడిమిగది, దాని వెనక వంటగది, ఆ వెనక పిడికెడు పెరడు. పెరట్లో బట్టలుతికే బండ, నీళ్ళతొట్టి, అత్తయ్య కోళ్ళగూడు. మేడమీద రేకుల కింద మా గది. ముందుగదిలో తుమ్మితే పెరట్లో కోడికి వినిపిస్తుంది.

ఇలాంటి ఇంట్లో అత్తయ్యా మామయ్యా మూడువారాలుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

ఏం జరిగిందంటే, ఓ రోజు ఉదయం అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు. ఆ రోజే లాడ్జీ వాళ్ళ దుప్పట్లు గుట్టగా వచ్చిపడ్డాయి, మధ్యాహ్నానికల్లా ఇవ్వాలి. అత్తయ్య ముందుగదిలోకొచ్చి, "జ్వరంలా ఉందండీ, కాస్త చూడండి" అంది. మామయ్య పెట్టె పక్కన పెట్టి, ఆమె నుదుటిమీద ఎడమచెయ్యి ఆనించి, "లేదే, చల్లగానే ఉంది" అని మళ్ళీ దుప్పట్లలో పడ్డారు. అత్తయ్య పెరట్లోకి వెళ్ళింది. ఉతికే బండ దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేసేముందు నర్సు జ్వరం చూస్తే నూట మూడు ఉంది.

ఆ అంకె విన్నప్పుడు మామయ్య మొహం ఎలా అయిందో నేను చూశాను. తప్పు చేసి దొరికిపోయిన మనిషి మొహంలాగే కనిపించింది నాకు. అత్తయ్యకీ అలాగే కనిపించింది.

"కాలు విరిగినందుకు కాదే నా బాధ," అంది నాతో, నడిమిగదిలో మంచమెక్కిన రోజున. "నలభై ఏళ్ళు ఆయనతో కాపురం చేశాను. అంత గొప్ప చెయ్యి కదా అది, నా నుదుటిమీద పెట్టి అబద్ధమాడాడు. దుప్పట్లు ఆగిపోతాయని."

మామయ్య ఏదో చెప్పబోయారు. అత్తయ్య గోడవైపు తిరిగింది. అంతే, ఆయన మళ్ళీ నోరు విప్పలేదు. అప్పటినుంచి ఇద్దరికీ మధ్య నేనే టెలిఫోను తీగని. మంచానికీ ఇస్త్రీబల్లకీ మధ్య గట్టిగా పది అడుగులుంటాయి. అయినా అత్తయ్య, భోజనానికి రమ్మని మీ మామయ్యతో చెప్పు అంటుంది. మామయ్య, ఆకలిగా లేదని మీ అత్తయ్యతో చెప్పు అంటారు. ఇద్దరికీ ఇద్దరి మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. అయినా నేను గుమ్మంలో నిలబడి మళ్ళీ అప్పజెప్పాల్సిందే. లేకపోతే చెప్పావా అని అడుగుతారు. తల ప్రాణం తోకకొచ్చేది నాకు.

కట్టు ఆరువారాలు ఉంచాలన్నారు. అన్ని రోజులు కదలకుండా పడుకోవడం అత్తయ్యలాంటి మనిషికి శిక్షే. ఆమెకి మిగిలిన ఆశ ఒక్కటే. పడిపోవడానికి సరిగ్గా ముందురోజు తన నల్లపెట్టని పదకొండు గుడ్ల మీద పొదగేసింది. మంచంమీద పడుకుని వేళ్ళమీద రోజులు లెక్కపెట్టేది. ఇరవయ్యొకటో రోజు మధ్యాహ్నం కిటికీలోంచి సన్నగా కిచకిచలు వినపడ్డాయి. నేను వెళ్ళి చూసొచ్చి ఏడు పిల్లలయ్యాయని చెబితే, అత్తయ్య మూడువారాల్లో మొదటిసారి నవ్వింది. తనకి కాలొచ్చేసరికి అవి పెరట్లో తిరుగుతుంటాయని, తనూ వాటితోపాటు నడక నేర్చుకుంటానని అంది.

ఆ మర్నాడు సాయంత్రం గూటి తలుపు గడియ పెట్టడం నేను మర్చిపోయాను.

దీనికి సాకులేం చెప్పను. మర్చిపోయాను. తెల్లారి చూస్తే పెరడంతా నల్లటి ఈకలు. వీధికుక్క గూట్లో తలదూర్చి పెట్టని లాక్కుపోయింది. పిల్లలు మాత్రం మూల గడ్డికింద ఒకదానిమీద ఒకటి ఎక్కి, గుప్పెడు ముద్దలా వణుకుతున్నాయి. ఏడూ ఉన్నాయి. వాటిని కొంగులో వేసుకుని లోపలికి తెచ్చాను.

అత్తయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొంగులోకి తొంగిచూసి, ఒక్కోదాన్నీ వేలితో నిమిరి, "తల్లి లేదు. వెచ్చగా ఉంచే చోటు చూడాలి. ఇవైనా బతకాలే నాకు" అంది. తర్వాత, తన మంచం పక్కనే పెట్టమంది.

నేను ఒప్పుకోలేదు. కట్టు దగ్గర దుమ్మూ ధూళీ చేరకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఊకలో దుమ్ము, ఈకల్లో దుమ్ము, పైగా ఆమెకి దగ్గు. చోటు నేను చూస్తానని మాటిచ్చేశాను. ఇంట్లో చోటుకేం తక్కువ అనుకున్నాను.

పన్నెండేళ్ళు కాపురమున్న ఇల్లు నాకు ఆ రోజు కొత్తగా కనిపించింది. వంటగదిలో గ్యాసుబండ పక్కన బాగుంటుందనుకున్నాను, వంగి చూస్తే గోడలో పందికొక్కు బొరియ. స్నానాలగదిలో నేల ఎప్పుడూ తడే. అటకమీద పెడదామా అంటే అక్కడి గవాక్షం పక్కింటి పిల్లికి రాచబాట. మేడమీద మా గది రేకులు పగలు కాలుతాయి, పొద్దువాలితే జివ్వుమంటాయి. పైగా మా ఆయనకి ఈక కనబడితే చాలు, తుమ్ములు మొదలవుతాయి. డాబామీద కాకులు. బీరువా అడుగున ఎలుకలు. మెట్లకింద చీమలు. ఇన్ని జీవాలు మాతోపాటు అద్దె లేకుండా కాపురముంటున్నాయని నాకప్పటిదాకా తెలియదు. పిల్లల్ని బుట్టలో పెట్టుకుని గదిగదికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఎక్కడ దించినా ఏదో ఒకటి వాటికోసం కాచుకుని ఉన్నట్టే ఉంది.

ఎవరికైనా ఇచ్చేస్తే సరిపోతుంది కదా అన్నాడు మా ఆయన, సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ. నేనేమన్నానో ఇక్కడ రాయను.

ఇదంతా మామయ్య బల్ల దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నారు. కాసేపటికి పెట్టె దించి, వంగి, బల్లకింద ఏళ్ళతరబడి పేరుకున్న పాతమూటలన్నీ బయటికి లాగడం మొదలుపెట్టారు. ఆ మూటల జోలికి ఎవరైనా వస్తే ఊరుకునేవారు కాదు. అన్నీ తీసేసి, తుడిచి, పాతకాలపు చెక్కపెట్టె ఒకటి అక్కడికి చేర్చి, అడుగున ఊక పరిచారు. మూడువైపులా మూటలు గోడలా పేర్చారు. బల్ల అంచుకి చిన్న బల్బు వేలాడదీశారు. అప్పుడు నాతో అన్నారు, "ఇక్కడ పొద్దుగూకులూ నేనుంటాను. పిల్లి రాదు, కుక్క రాదు. వెచ్చగా ఉంచడం నా పని. అది నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మీ అత్తయ్యతో చెప్పు."

చెప్పాను. అత్తయ్య పైకప్పు చూస్తూ, "సరే. చూసుకోమను" అంది.

ఆ రెండురోజులూ మా ఇంట్లో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. మామయ్య చొక్కా ఒకటి ఇస్త్రీ చేస్తారు, వంగి చూస్తారు. లంగా ఒకటి చేస్తారు, వంగి చూస్తారు. పిల్లలకి పేర్లు కూడా పెట్టారు, అదీ తన పద్ధతిలో, బట్టల భాషలో. తెల్లగా ఉన్నది మల్లు, నిగనిగలాడేది పట్టు, మచ్చలున్నది చీటీగుడ్డ, ఎప్పుడూ ఈకలు రేగి ఉండేది ముడత. ముడతంటే ఆయనకి ప్రాణం. అది అన్నిటికంటే చిన్నది, బలహీనం. వేలితో ఎంత నిమిరినా దాని ఈకలు అణిగేవి కావు. నలభై ఏళ్ళలో తన చేతికి లొంగనిది ఇదొక్కటే అని మురిసిపోయేవారు.

తీగలో మాటలు కూడా పెరిగాయి. ముడత నీళ్ళు తాగిందని మీ అత్తయ్యతో చెప్పు అనేవారు మామయ్య. నీళ్ళగిన్నెలో గులకరాళ్ళు వేశారో లేదో అడుగు, లేకపోతే అందులో పడి చస్తాయి అనేది అత్తయ్య. నేను అడిగేలోపే ఆయన గబగబా పెరట్లోకెళ్ళి గులకరాళ్ళు ఏరుకొచ్చేవారు. నూకలు మరీ పెద్దవిగా ఉన్నాయేమో చూడమనేది. ఆయన అరచేతిలో పోసుకుని ఒక్కోటీ చూసేవారు. రోజూ తిండీ నీళ్ళ కబుర్లకే పరిమితమైన వాళ్ళు ఆ పిల్లల మీద పెట్టి ఎంతసేపైనా మాట్లాడుకునేలా ఉన్నారు. ఇంకో నాలుగురోజులు పోతే నా ఉద్యోగం ఊడుతుందని సంతోషించాను.

మూడోరోజు పొద్దున్నే ముసురు పట్టింది. చలిగాలి వీధిలోంచి సరాసరి ముందుగదిలోకి కొడుతోంది. పిల్లలు బల్బుకింద ఒక్కచోట ముద్దగా చేరి చెవులు తూట్లుపడేలా అరుస్తున్నాయి. లోపల్నుంచి అత్తయ్య, అవి చలికి అరుస్తున్నాయనీ, వేడి పెంచమనీ చెప్పమంది. మామయ్య చిన్నబల్బు తీసి పెద్దది పెట్టారు. చెక్కపెట్టెలో ఎడమచెయ్యి పెట్టి చూశారు. చల్లగానే ఉందన్నారు. పాతదుప్పటి మడిచి పైన కప్పారు. మళ్ళీ చెయ్యి పెట్టారు. ఇంకా చాల్లేదన్నారు. రెండు ఇటుకలు పేర్చి, బొగ్గుల ఇస్త్రీపెట్టెని కూడా పక్కన ఆనించి పెట్టారు. నేను మూట నెత్తిన పెట్టుకుని, గొడుగేసుకుని ఇళ్ళకి బయల్దేరాను.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. నేను గొడుగు దులుపుతుంటే మామయ్య పెదాలమీద వేలు పెట్టి, బల్లకిందకి సైగచేశారు. హాయిగా పడుకున్నాయని గుసగుసగా చెప్పారు. ఆ మొహంలో ఎంత గర్వం. మూడువారాలుగా చూడనంత గర్వం.

లోపల్నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "పిల్లలు మాట్లాడటం లేదేం?"

నిద్రపోతున్నాయని చెప్పాను.

"నిద్రపోయినా గొణుగుతాయే. ఒక్కటైనా గొణుగుతుంది. పోయి దుప్పటి తీసి చూడు."

వంగి దుప్పటి తీశాను. వేడిగాలి మొహానికి కొట్టింది. పిల్లలు నిద్రపోవడం లేదు. బల్బుకి ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోయి, మూలలకి అతుక్కుని, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. రెక్కలు కిందికి వేలాడేశాయి. అరవడానికి ఓపిక లేక ఊరుకున్నాయి. ముడత ఊకమీద పక్కకి ఒరిగి ఉంది. చెయ్యి లోపలికి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను.

"ఇదేంటి మామయ్యా, కాలిపోతోంది" అని అరిచాను. నోటికొచ్చినట్టు ఇంకా చాలా అన్నాను. కళ్ళు కనిపించడం లేదా అన్నాను. అత్తయ్య కాలు చాల్లేదా అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

ఆయన నా అరుపులు చెవిన వేసుకోలేదు. వంగి, పెట్టెలోకి ఎడమచెయ్యి పెట్టారు. అలాగే ఉంచారు. నేను క్షణం ఉంచలేనిచోట ఆయన చెయ్యి తీరిగ్గా ఉంది.

"గోరువెచ్చగానే ఉంది కదమ్మా" అన్నారు.

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ఎర్రగా కందిన నా వేళ్ళవైపు చూశారు. ఎడమచెయ్యి తీసి కుడిచెయ్యి పెట్టారు. అదీ తీశారు. లేచి, బల్లమీద చన్నీళ్ళ చెంబుని రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడ్డారు. చంటిపిల్లాడు కొత్తవస్తువుని తడిమినట్టు దాన్ని తడిమారు. అప్పుడు నాకు కిందటి నెల సంగతి గుర్తొచ్చింది. మా వీధి మాస్టారి తెల్లచొక్కా కాలరు మాడి పసుపెక్కిపోతే, బొగ్గులు మంచివి కాదని మామయ్య అంగడివాడిమీద విరుచుకుపడ్డారు.

ఆలోచించడానికి టైం లేదు. పిల్లల పెట్టెని ఎత్తుకుని పరుగెత్తి అత్తయ్య మంచం మీదే పెట్టాను. దుమ్మూ లేదు, డాక్టరూ లేడు. అత్తయ్య తడిగుడ్డ తెమ్మంది, కిటికీ తియ్యమంది. ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని ముక్కుకొన నీళ్ళల్లో ముంచింది. పదినిమిషాలకి మల్లు తలెత్తింది. తర్వాత పట్టు. ఒకటొకటిగా గొణగడం మొదలుపెట్టాయి. ఆరు లేచాయి. ముడత లేవలేదు. అత్తయ్య చాలాసేపు దాన్ని గుండెలకి ఆనించుకుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా మంచం అంచున పెట్టింది.

మామయ్య గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. మూడువారాలుగా తలొంచుకుని దాటిపోవడమే తప్ప ఆయన ఆగని గుమ్మం అది. అలవాటు కొద్దీ నావైపే చూస్తూ మొదలుపెట్టారు.

"మీ అత్తయ్యతో చెప్పమ్మా. నా చేతికి వేడి తెలియడం లేదు. ఇప్పుడే తెలిసింది నాకూ. ఆ రోజు తన నుదుటిమీద చెయ్యి పెడితే నిజంగానే చల్లగా ఉందనిపించింది. దుప్పట్లకోసం అనలేదు. అబద్ధం చెప్పలేదు. ఆ మాట తనతో చెప్పు."

నేను నోరు విప్పలేదు. మూడువారాల్లో మొదటిసారి తీగ తెగిపోయింది. ఇద్దరినీ చూస్తూ గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది అత్తయ్య. నన్ను కాదు, ఆయన్ని.

"తెలియదు. పనిలో ఎప్పుడూ తేడా రాలేదు. చెయ్యి పెట్టడం అలవాటు. బహుశా ముక్కుకి తెలిసేదేమో, గుడ్డ వాసన. చేతికే తెలుస్తోందని నేననుకునేవాణ్ణి."

"ఇలా రండి. ఆ చెయ్యి ఇటివ్వండి."

ఆయన వెళ్ళి మంచం పక్కన నేలమీద కూర్చున్నారు. అత్తయ్య ఆ ఎడమచేతిని ఒళ్ళోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. వేళ్ళచివర్లు చెక్కల్లా అయిపోయి ఉన్నాయి. చేతి వెనకవైపు చర్మం నున్నగా, ఓ చోట పాతవి, ఓ చోట కొత్తవి, చిన్నచిన్న బొబ్బలు మానిన గుర్తులు. అవి కాలినప్పుడు ఆయనకి తెలియలేదు, మాకూ కనబడలేదు. ఆమె గోటితో మెల్లగా గీసింది. పెదాలకి ఆనించుకుని ఊపిరి వదిలింది.

"తెలుస్తోందా?"

"నువ్వు పట్టుకున్నావని తెలుస్తోంది" అన్నారు మామయ్య. "వెచ్చగా ఉన్నావా చల్లగా ఉన్నావా అన్నది తెలియడం లేదు."

అత్తయ్య ఆ చేతిని వదల్లేదు. "అదేదో ఆ రోజే చెప్పి ఉంటే మూడువారాలు గోడ చూస్తూ పడుకునేదాన్నా" అని విసుక్కుంది. ఆయనకే తెలియనిది ఎలా చెబుతారన్న ఆలోచన ఆమెకి రాలేదు. నేనూ గుర్తుచెయ్యలేదు. విసుక్కుంటూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే ఆయన వేళ్ళు ఒక్కోటీ నొక్కుతోంది.

ఆ సాయంత్రం మామయ్య ఓ తెల్లటి మల్లుగుడ్డ ముక్క వెతికి తీశారు. దాన్ని బల్లమీద పరిచి, నాలుగుమూలలూ సరిచేసి, ఇస్త్రీ చేశారు. అందులో ముడతని చుట్టి పెరట్లో బండ పక్కన పాతిపెట్టారు. ఇంకో రోజైతే చచ్చిన కోడిపిల్లకి ఇస్త్రీ గుడ్డేమిటని నేను నవ్వేదాన్ని.

మర్నాడే మా ఆయన సెలవుపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు సూదితో అక్కడక్కడా గుచ్చి చూసి, రక్తం పరీక్ష చేయించి, షుగరు చాలాకాలంగా ఉన్నట్టుందనీ, చేతుల్లో నరాలు మొద్దుబారాయనీ చెప్పి మందులు రాశాడు. చేతికి స్పర్శ పూర్తిగా తిరిగొస్తుందని మాత్రం చెప్పలేదు. మామయ్య ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారట.

కోడిపిల్లల చోటు విషయంలో ఇక వాదనలేం లేవు. అత్తయ్య మొదటిరోజు అడిగినచోటే, మంచం పక్కన ఎత్తుపీట మీద చెక్కపెట్టె పెట్టాం. దుమ్ముకి తడిగుడ్డ అడ్డంకట్టాను, రోజుకి రెండుసార్లు ఊక మార్చాను. పిల్లి వచ్చినా రాకపోయినా పక్కనే ఓ కర్ర. బల్బు ఎత్తు సరిచెయ్యడం మామయ్య పని, చెయ్యి పెట్టి చూడటం అత్తయ్య పని. ఆయన తాడు పట్టుకుని నిలబడితే ఈమె లోపల చెయ్యి ఉంచి, "ఇంకాస్త పైకి. ఊఁ, చాలు. చాలన్నానా" అనేది. ఖాళీగా పడి ఉన్న అత్తయ్య చేతికి పని దొరికింది. ఏ మాటకైనా మధ్యలో నేనెందుకని ఇద్దరికీ తోచింది. నా ఉద్యోగం పోయింది.

మామయ్య నాలుగురోజులు బల్ల ముట్టుకోలేదు. ఐదోరోజు పొద్దున బొగ్గులు రాజేశారు. పెట్టె పైకెత్తారు. ఎడమచెయ్యి దానంతటదే లేచింది. దాన్ని మళ్ళీ కిందికి దించి, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, పెట్టెని భయంభయంగా చెంప దగ్గరికి తెచ్చుకున్నారు, వాళ్ళ నాన్నలాగా. మచ్చ ఉన్నవైపే. కాసేపు ఆగి, "నూలుకి సరిపోతుంది" అన్నారు, తనలో తనే. చెంపకి ఇంకా తెలుస్తోంది. నేను తలుపుచాటున ఉండి చూశాను కానీ చూసినట్టు ఈరోజుదాకా చెప్పలేదు.

ఆరువారాలకి అత్తయ్య కట్టు విప్పారు. ఆ వేళకి పిల్లలకి రెక్కల్లో ఈకలొచ్చి, పెట్టె అంచుమీదికి ఎగురుతున్నాయి. ఆమె చేతికర్రతో పెరట్లో నాలుగడుగులు వేస్తే ఆరూ వెనకే నాలుగడుగులు వేసేవి. గూటి గడియ నేను ఇప్పుడు మూడుసార్లు చూస్తాను. మా ఆయన నవ్వినా సరే.

ఓ మధ్యాహ్నం నేను మూట కడుతున్నాను. మామయ్య బల్లమీద చీర పరుస్తున్నారు. అత్తయ్య కర్ర ఆనించుకుంటూ ముందుగదిలోకొచ్చి, ఆ రోజు నిలబడ్డచోటే నిలబడింది.

"జ్వరంలా ఉందండీ, కాస్త చూడండి" అంది.

మామయ్య పెట్టె పక్కన పెట్టారు. ఎడమచెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది. దాన్ని తువ్వాలుకి తుడుచుకుని కిందికి దించేశారు. వీధితలుపు బార్లా తెరిచి ఉంది, మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఆయన ముందుకు వంగి, ఆమె నుదుటికి చెంప ఆనించారు. కళ్ళు మూసుకున్నారు. ఒక చొక్కాకి పట్టేంతసేపు అలాగే ఉన్నారు.

"లేదే, చల్లగానే ఉంది" అన్నారు. అన్నాక ఆ మాట ఎప్పటిదో గుర్తొచ్చి కంగారుపడి, నావైపు చూశారు.

"ఉంటుంది మరి. నాకు జ్వరమెక్కడిది?" అంది అత్తయ్య. నూకల డబ్బా అందుకుని, పెరట్లోకి నడిచింది. అక్కడ ఆరు గొంతులు ఒక్కసారే మొదలయ్యాయి.

మామయ్య చెంప తడుముకుంటూ అలాగే నిలబడిపోయారు. బల్లమీద చీర సగం పరిచి ఉంది. ఆయన పెట్టెలో బొగ్గులు వాటంతటవి చల్లారిపోవడం పన్నెండేళ్ళలో నేను చూడటం అదే మొదలు.